నేను మార్చి రాసిన పేరు

పోయిన నెల మాదన్నపేటలో చుట్టాలింటికి వెళ్ళి వస్తూ, కూరగాయల మార్కెట్ వెనక వీధిలోకి కావాలనే తిరిగాను. ఒకప్పుడు చింతపండు గోడౌన్ ఉన్నచోట ఇప్పుడు మూడంతస్తుల ఫంక్షన్ హాలు ఉంది. ఏదో పెళ్ళికి లైట్లు కడుతున్నారు. వాచ్‌మన్ దగ్గరికొచ్చి, "ఎవరు గావాలమ్మా?" అని అడిగాడు. "ఎవరూ వద్దు బిడ్డా, ఒకప్పుడు నేనిక్కడ పనిచేసిన," అన్నాను. "హాల్లనా?" అన్నాడు. "హాలు రాకముందు," అన్నాను. అతడు నన్ను ఎగాదిగా చూసి, పాపం, ఒక కుర్చీ తెచ్చి వేశాడు. ఆ కుర్చీలో కూర్చున్న కాసేపట్లోనే ఇది రాయాలనిపించింది. ఇల్లూ ఊరూ పోగొట్టుకున్న మనుషుల మధ్య ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. సభల్లో నన్ను పరిచయం చేసేవాళ్ళు నేను పనిచేసిన శిబిరాల పేర్లన్నీ చదువుతారు గానీ ఈ గోడౌన్ పేరు ఎవరికీ తెలియదు. నా పని మొదలైంది ఇక్కడే. అదీ నేను చేసిన ఒక తప్పుతో మొదలైంది.

మాది అక్కడికి నాలుగు సందుల అవతల, రెండు గదుల పెంకుటిల్లు. బాపు పేరు దేవయ్య. సర్కారు అచ్చాఫీసులో కంపోజిటరు. సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి, వరసలుగా పేర్చి, పేజీ కట్టడం ఆయన పని. సాయంత్రం సైకిల్ గోడకు ఆనించగానే ముందు కిరోసిన్‌తో చేతులు రుద్దుకునేవాడు, తర్వాత బట్టల సబ్బుతో. ఎంత రుద్దినా గోళ్ళ చుట్టూ నల్లగీత పోయేది కాదు, కిరోసిన్ వాసనా పోయేది కాదు. "వీడు కలిపిన అన్నం ముద్ద అంటుకుంటదేమో," అని అవ్వ గొణిగేది. అవ్వ అంటే బాపును కన్నతల్లి. ఏళ్ళ తరబడి తిరగేసిన అక్షరాలు చూసీ చూసీ, బాపుకు కాగితం ఎటు తిప్పి పట్టుకున్నా చదవడం వచ్చేసింది. హోటల్లో ఎదుటివాడు పేపరు చదువుతుంటే, అవతలి నుంచి తలకిందులుగా తనూ చదివేసేవాడు. తప్పులు పట్టడం ఆయనకు బీడీ కన్నా పెద్ద అలవాటు. పెళ్ళి కార్డు వచ్చినా, మందుసీసా వచ్చినా ముందు పెన్సిల్ అందుకునేవాడు. ఒకసారి ధూల్‌పేట్‌లో ఒక దుకాణం ముందు సైకిల్ ఆపి, "అన్నా, నీ బోర్డుల ఒక దీర్ఘం తక్కువుంది," అని చెప్పి మరీ వచ్చాడు. ఆ దుకాణదారు మా బాపుకు దండం పెట్టాడో, తిట్టాడో ఇప్పటికీ నాకు తెలియదు.

మేము చర్చికి వెళ్ళే మనుషులం. అవ్వ అన్నానికి బియ్యం కొలిచినప్పుడల్లా ఒక గుప్పెడు వెనక్కి తీసి మూలనున్న రేకు డబ్బాలో వేసేది. అది దేవుడి గుప్పెడు. ఇంట్లో బియ్యం అడుగంటిన రోజు కూడా ఆ గుప్పెడు మానేది కాదు. అమ్మ చూపు ఆ డబ్బా మీదికి వెళ్తే, "అటు చూడకు, అది మనది గాదు," అనేది. ఆదివారం ఆ డబ్బా అవ్వ చంకలో చర్చికి వెళ్ళి, ఖాళీగా తిరిగొచ్చేది. ఆ వానాకాలం మాత్రం దాని దారి మారింది.

ఎప్పుడో తాతల కాలంలో మన తీరం నుంచి కూలికోసం బర్మా వెళ్ళి, అక్కడే రేవుల్లో, బియ్యం మిల్లుల్లో బతికిన తెలుగువాళ్ళు తిరిగి వస్తున్న రోజులవి. అక్కడి ప్రభుత్వం వాళ్ళను ఉండనివ్వలేదు. ఓడల్లో మద్రాసులో దిగి, శిబిరాల్లో నెలలు గడిపి, పని దొరుకుతుందన్న చోటికల్లా వెళ్తున్నారు. అలా ఒక పదకొండు కుటుంబాలు, ఏదో మిల్లులో ఉద్యోగాలిస్తారంటే మన ఊరికి వచ్చాయి. తీరా వచ్చాక ఆ మిల్లు ఇంకా తెరవలేదు. హోల్‌సేల్ వ్యాపారం చేసే ఒక సేఠ్ తన చింతపండు గోడౌన్ ఖాళీ చేయించి వాళ్ళకిచ్చాడు. మా బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైన విమలమ్మ టీచర్ నలుగురిని పోగేసి, ఒక చిన్న సహాయ సంఘం పెట్టి, వాళ్ళ తిండీ తిప్పలూ చూస్తోంది. చర్చిలో ఆ సంగతి చెప్పిన రోజు అవ్వ ఇంటికొచ్చి, "ఇగ మీదట డబ్బ ఆడికే పోతది," అంది. "పాస్టరయ్య ఏమంటడో?" అని అమ్మ అంటే, "దేవుడు ఏమంటడో గది చెప్పు. పాస్టరయ్యతోని నేను మాట్లాడుత," అంది.

డబ్బా మోయడానికి నేను తోడు వెళ్ళాను. నాకు పద్దెనిమిదేళ్ళు. పీయూసీ పాసై, నయాపూల్ దగ్గర టైపు నేర్చుకుంటూ, ఏ ఆఫీసులో కుర్చీ దొరుకుతుందా అని చూస్తున్నాను. గోడౌన్ గుమ్మంలోనే చింతపండు పులుపూ, పాత మిరపకాయ ఘాటూ ముక్కులోకి దూరాయి. లోపల ఎవరో ఒకరు ఎప్పుడూ తుమ్ముతూనే ఉన్నారు. చీరలు అడ్డంగా కట్టి పదకొండు ఇళ్ళు చేసుకున్నారు. మొదటి చీర పక్కకు తొలగించుకుని ఒక ముసలామె బయటికొచ్చింది. "ఏటమ్మా? ఎవులు మీరు?" అంది. అవ్వ నా వైపు తిరిగి, "ఏమంటుందే ఈమె?" అంది. "ఎవరని అడుగుతుందవ్వా." "ఏందో, తెలుగేనా?" అంది అవ్వ. ఇద్దరూ తెలుగు ముసలమ్మలే. మధ్యలో నేను దుబాసీని. డబ్బాలో బియ్యం వాళ్ళ చేటలోకి పోసేలోపు నా అవసరం తీరిపోయింది. మోకాళ్ళ నొప్పుల గురించి ఇద్దరూ ధారాళంగా మాట్లాడుకుంటున్నారు.

ఆమె పేరు నరసమ్మ. ఆమె వెనక రెండేళ్ళ పిల్లనెత్తుకుని నిలబడింది కోడలు. లుంగీ, పొట్టి రవిక, బుగ్గలకు గంధం లాంటి పసుప్పచ్చటి పూత. ఆమె బర్మా పిల్ల, పేరు మా ఖిన్; ఆ 'మా' కూడా ఆమె పేరులోదే. నరసమ్మ కొడుకు అప్పన్న కాగితాలేవో తక్కువై బర్మా రేవులోనే ఆగిపోయాడు. "ఎనక ఓడలో వత్తాడు," అని నరసమ్మ వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పేది. మా ఖిన్‌కు తెలుగు అంతంతమాత్రం. అన్నం, నీళ్ళు, పాప, రండి, వద్దు, ఇలాంటివి కొన్ని వచ్చు. మా అవ్వ రెండో వారానికే ఆమెను "మాకినమ్మా" అని పిలవసాగింది. పేటంతా ఆమెకు అదే పేరైపోయింది. మా ఖిన్ చేపల పులుసులో అరటి దూట వేసి వండేది. ఆ వాసనకు మిగతా చీరల వెనక నుంచి ఆడవాళ్ళు తొంగిచూసేవారు గానీ, ఆమెతో కలిసి కూర్చునేవారు కారు. మన మనిషి కాదన్న మాట ఆ గోడౌన్‌లోనూ ఉంది.

విమలమ్మ టీచర్ మూడోవారం నన్ను ఆపింది. "ఎస్తేరూ, టైపు నేర్చుకుంటున్నావు కదా. మాకొక మిషన్ ఇచ్చారు, కొట్టేవాళ్ళు లేరు. రేపటి నుంచి వచ్చెయ్," అంది. వచ్చేశాను. రేషన్‌కు, బడికి, ఆసుపత్రికి, మిల్లుకు అన్నిటికీ దరఖాస్తులే. పొద్దున తొమ్మిదింటికి గోడౌన్ అరుగు మీద మిషన్ పెట్టుకుని కూర్చుంటే మధ్యాహ్నం దాకా వేళ్ళు ఆగేవి కావు. వాళ్ళు చెప్పింది విని ఇంగ్లీషులో కొట్టేదాన్ని. నేను రాస్తే పని జరుగుతుందన్న పేరు నెల తిరక్కుండానే వచ్చింది. ఆ పేరు నాకు బాగా తలకెక్కింది.

మిల్లు దగ్గర కడుతున్న గదుల కోసం కుటుంబాల పేర్లు పంపమని పునరావాసం ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. నరసమ్మ దరఖాస్తు కొడుతూ కోడలి పేరు దగ్గర ఆగాను. ఈ పేరు చూస్తే ఆఫీసులో పరాయిదేశం మనిషంటారు, గది ఇవ్వరు అనిపించింది. ఎవరినీ అడగలేదు. మా ఖిన్ అన్నచోట మంగమ్మ అని కొట్టాను. పుట్టిన చోటు శ్రీకాకుళం జిల్లా అని కూడా కలిపాను. ఒక మనిషికి గొప్ప మేలు చేశానన్న సంతోషంతో ఆ సాయంత్రం పాట పాడుకుంటూ ఇంటికి వెళ్ళాను.

మూడు వారాలకు జవాబు వచ్చింది. మద్రాసు రేవులో ఇచ్చిన చీటీలో మా ఖిన్ అనే పేరుంది, దరఖాస్తులో మంగమ్మ అని ఉంది, కనుక ఈమె ఈ కుటుంబం మనిషేనని నమ్మకం లేదు. ముసలామెకు మాత్రమే గది. కోడలనే ఆమెనూ పిల్లనూ విచారణ తేలేదాకా మద్రాసు శిబిరానికి తిప్పి పంపాలి. విమలమ్మ టీచర్ ఆ కాగితం అందరికీ చదివి వినిపించింది. నరసమ్మ గుండెలు బాదుకుంది. "నా కోడలి పేరు నాకు తెల్దేటమ్మా? నాను మంగమ్మని సెప్పినానా? ఎవులు మార్చీసినారు?" మా ఖిన్‌కు ఎవరో విషయం చెప్పారు. ఆమె ఏడవలేదు. లోపలికి వెళ్ళి పిల్ల బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది. అంతకుముందు ఎన్నిసార్లు అలా మడత పెట్టుకుందో, చేతులు వాటంతటవే చేసుకుపోతున్నాయి. మిషన్ మీద గుడ్డ కప్పి ఇంటికి వచ్చేశాను.

బాపు చేతులు కడుక్కుని చాయ్ ముందు కూర్చున్నాక, దరఖాస్తు నకలు ఆయన ముందు పెట్టి అంతా చెప్పాను. ఆయన అలవాటుగా పెన్సిల్ తీసుకుని, మొదటి నుంచి చివరిదాకా చదివాడు.

"అక్షరాలన్నీ సక్కగనే ఉన్నయి," అన్నాడు. "తప్పు వడ్డది మనిషి తాన."

"మంచికే జేసిన బాపూ."

"మంచికే జేసినవ్, కాదంటలేను. గని ఆమె పేరు మార్చనీకి నువ్వెవరు? ఆమెను అడిగినవా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"అచ్చుల తప్పు వడితే మేమేం జేస్తమో ఎరుకనా? తప్పు వడ్డదని చెప్పి మిషన్ ఆపిస్తం. చెప్పకుంట దాసినమనుకో, వెయ్యి కాయితాల మీద గదే తప్పు పడుతది."

"నేనే పోయి చెప్పాల్నా?"

"మరి నేను కొట్టిన్నా టైపు?" అని చాయ్ తాగేశాడు. గ్లాసు కింద పెట్టి, "చెప్పులు కొత్తయి ఏస్కపో. ఆఫీసోళ్ళు కాళ్ళు సూస్తరు," అన్నాడు. మా బాపు నన్ను ధైర్యంగా ఉండమన్న తీరు అది.

మర్నాడు ముందు మా ఖిన్‌కు చెప్పాను. బర్మా భాష వచ్చిన ఒక పెద్దాయన నా మాట ఆమెకు అందించాడు. ఆమె నన్ను ఒక్క ప్రశ్న అడిగింది. "నా పేరు మంచిది కాదా?" ఇన్నేళ్ళలో నన్ను ఎందరో కోప్పడ్డారు, ఒక శిబిరంలో రాళ్ళు కూడా వేశారు. ఆ ప్రశ్న తగిలినంత గట్టిగా ఏదీ తగల్లేదు. విమలమ్మ టీచర్‌కు చెబితే ఆమె తిట్టలేదు, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "పద," అంది.

ఆఫీసు నయాపూల్ అవతల. అధికారి పెద్ద వయసాయన, బల్ల నిండా ఫైళ్ళు. ఇంగ్లీషులో చెప్పాలని దారంతా వల్లె వేసుకున్న మాటలు ఆయన ముందు నిలబడగానే ఎగిరిపోయాయి. "సార్, ఆ పేరు నేను మార్చిన. వాళ్ళ తప్పేం లేదు," అన్నాను.

"ఎందుకు మార్చావ్?"

"అసలు పేరు చూస్తే మీరు ఒప్పుకోరని భయపడ్డ."

"అంటే నేను అన్యాయమే చేస్తానని నువ్వు ముందే తేల్చేశావ్," అన్నాడాయన. గొంతు పెంచలేదు. అందువల్ల ఇంకా సిగ్గేసింది. "సరే. ఇప్పుడు చెప్పేది నిజమని ఎట్లా నమ్మమంటావ్? పెళ్ళి కాగితం లేదు. కొడుకు ఇక్కడ లేడు. ఒకసారి అబద్ధం రాసినదానివి."

టీచర్ ఏదో అనబోయింది. ఆమె కన్నా ముందు నా నోరే కదిలింది. "నన్ను నమ్మకండి సార్. వాళ్ళిద్దరిని అడగండి. ఒకరినొకరు చూడకుంట, వేరువేరుగ. ఇంటి సంగతులు అడగండి. పొయ్యి ఏ మూలకుండె, ముందుగాల ఎవరు లేస్తుండె, గసొంటివి. ఒక్కింట్ల ఉన్నోళ్ళకే తెలుస్తయి." ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలియదు. ఇప్పుడనిపిస్తుంది, మా బాపు అన్నం ముద్దకు ఏ వాసనో ఈ లోకంలో మా నలుగురికే తెలుసు కదా, అందులోంచి వచ్చి ఉంటుంది. అధికారి కలం మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశాడు. "గురువారం వస్తాను," అన్నాడు.

గురువారం పొద్దున ఆయన నిజంగానే వచ్చాడు. నరసమ్మను గోడౌన్ లోపలి మూలన, మా ఖిన్‌ను బయట కుళాయి దగ్గర కూర్చోబెట్టాడు. దుబాసీ పెద్దాయన తప్ప ఎవరూ మాట్లాడకూడదన్నాడు. నన్నయితే మధ్యలో, గుమ్మం దగ్గర, గోడ వైపు తిరిగి కూర్చోమన్నాడు. ముందు లోపల అడిగి, కాగితం మీద రాసుకుని, తర్వాత బయటికొచ్చి అవే అడిగాడు. ఇల్లెట్లా ఉండేది? గుంజల మీద కట్టిన చెక్కిల్లు, కింద బాతులు. మెట్లు ఎన్ని? ఏడు, మూడోది విరిగింది, దాటి ఎక్కాలి. నీళ్ళ కుండ? తలుపుకు ఎడమపక్క. ముందు లేచేది ఎవరు? అత్త. లేచి ఏం చేస్తుంది? దగ్గుతుంది. గోడ వైపు తిరిగిన నాకు రెండు గొంతులూ వినిపిస్తున్నాయి, రెండూ ఒకే ఇంట్లో తిరుగుతున్నాయి.

చివరగా, అప్పన్న తినని కూర ఏదని అడిగాడు. లోపల నరసమ్మ, "మావోడు ఏటెట్టినా తింతాడు బాబూ. కాకరకాయొక్కటే ముట్టడు. సిన్నప్పుడినుంచీ అంతే," అంది. బయటికొచ్చి అదే అడిగితే మా ఖిన్ అన్నీ తింటాడంది. "కాకరకాయ?" అన్నాడు అధికారి ఉండబట్టలేక. తింటాడంది. ఒక్క కాకరకాయ దగ్గర అంతా కూలిపోయిందనుకున్నాను. అప్పుడు మా ఖిన్ దుబాసీ కోసం ఆగకుండా, తనకొచ్చిన తెలుగులోనే, సిగ్గుపడుతూ, "నేను వండు, తింటాడు. అమ్మ వండు, తినడు," అంది.

వెంటనే గుమ్మం వెనక దాకా వచ్చి వింటున్న నరసమ్మ గొంతు, "ఓలమ్మో! ఇన్నాళ్ళూ నా కాడ నాటకమాడినాడేటి సచ్చినోడు!" అధికారి పకపకా నవ్వాడు. చీరల వెనక నుంచి పదకొండు కుటుంబాలూ నవ్వాయి. మా ఖిన్‌తో ఏనాడూ కలిసి కూర్చోని ఆడవాళ్ళు కూడా బయటికొచ్చి ఆమె చుట్టూ చేరారు. అధికారి కళ్ళు తుడుచుకుంటూ నా వైపు చూసి, "ఇటు తిరుగు. మిషన్ తీయ్. నేను చెప్పింది చెప్పినట్టు కొట్టు," అన్నాడు. మా ఖిన్, అప్పన్న భార్య, పుట్టింది బర్మాలో, అని కొట్టాను. ఆయన చదివి సంతకం పెట్టాడు. ఆరు వారాలకు ముగ్గురికీ కలిపి గది వచ్చింది. మరుసటి ఏడు అప్పన్న కూడా వచ్చాడు, సగం మనిషై, ఒక గుడ్డ సంచితో.

విమలమ్మ టీచర్ నన్ను పంపించేయలేదు. ఒక కట్టుబాటు పెట్టింది. ఏ కాగితమైనా ఎవరి గురించి రాశామో వాళ్ళకు వాళ్ళ మాటలో చదివి వినిపించాకే వేలిముద్ర, ఆ తర్వాతే టపా. పని మూడింతలైంది. తర్వాత నేను వెళ్ళిన ప్రతి చోటా, తుఫాను తీరంలో, అల్లర్లలో ఇళ్ళు వదిలినవాళ్ళ మధ్య, సముద్రం దాటొచ్చిన తమిళుల శిబిరాల్లో, నా కింద పనిచేసిన వాళ్ళందరూ ఈ కట్టుబాటు చూసి విసుక్కున్నారు. నేను వదల్లేదు. ఇంటి సంగతులు అడగడమూ వదల్లేదు. కాగితాలు లేవని తోసేసిన ఎందరినో వాకిట్లో చెట్టూ, అత్త దగ్గూ, చూరు కారే చోటూ నిలబెట్టాయి. ఇది చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. గర్వంగానే చెబుతున్నాను.

ఇప్పటి శిబిరాలు నేను చూస్తూనే ఉన్నాను. ఆనాటికన్నా మేలే. మరుగుదొడ్లున్నాయి, డాక్టరమ్మలున్నారు, వేలు పెడితే కంప్యూటర్ మనిషిని గుర్తుపడుతుంది. మిరప ఘాటుకు తుమ్ముతూ పడుకున్న రోజులు గొప్పవని నేననను. కానీ మొన్నొక చోట చదువుకున్న పిల్లలు ఒక తల్లి కథను ఫోటో కింద వేయడానికి ఇంకాస్త ఏడుపు కలిపి రాస్తున్నారు. వాళ్ళూ మంచికే చేస్తున్నారు. పక్కన కూర్చుని, ఆమెకు చదివి వినిపించారా అని అడిగాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ మీద కోపం రాలేదు. పద్దెనిమిదేళ్ళ నన్ను నేను చూసుకున్నట్టయింది.

గోడౌన్ రోజులు గడిచి ఇరవై ఏళ్ళయ్యాక, ఎనభైలలో ఒక వానాకాలం సెలవు మీద ఇంటికొచ్చాను. మురుగు నాలా పొంగి, గుడిసెలు పోయినవాళ్ళను మాదన్నపేట బళ్ళో ఉంచారు. అలవాటైన కాళ్ళు కదా, అటే వెళ్ళాను. తరగతి గదిలో చాప మీద కూర్చుని మా ఖిన్ పేర్లు రాసుకుంటోంది. సహాయ సంఘంలో అప్పటికే ఆమె పాత మనిషి. ఎదురుగా ఒక ఆడమనిషి కొంగు నోటికడ్డం పెట్టుకుని గొణుగుతోంది. పక్కనున్న కుర్రపిల్ల, "అర్థమైతలేదక్కా, ఏదో ఒకటి రాసెయ్," అంది. మా ఖిన్ కలం ఆపింది. "ఏదో ఒకటేంది? గట్ల రాయొద్దు. ఆమె చెప్పేదాంక ఆగుదాం, మనకేం ఫికర్," అంది. మళ్ళీ ఆ ఆడమనిషి వైపు వంగి, "నువ్ నిమ్మలంగ చెప్పమ్మా," అంది.

ఆమె చెప్పింది. మా ఖిన్ రాసి, చదివి వినిపించి, అవునా అని అడిగి, అప్పుడు తలెత్తి గుమ్మంలో నన్ను చూసింది.

"అట్ల నిలవడ్డవేందే ఎస్తేరూ? లోపలికి రా. ఇంక మస్తు మంది ఉన్నరు."

చెప్పులు విడిచి వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను.